డెల్టా ఎండల్లో కార్న్ స్నేక్ గుడ్లు: సమస్యలు, పరిష్కారాలు

ఇళ్లలో పెంచుకునే, విషం లేని అమెరికా పాము కార్న్ స్నేక్. దాని గుడ్ల గురించి దొరికే సలహాలు ఎక్కువగా చలి దేశాలవి. గుడ్లను వెచ్చగా ఎలా ఉంచాలన్నదే వాళ్ల బెంగ. చలికాలం చివర జతకట్టిన పాము మన భీమవరం, అమలాపురాల్లో గుడ్లు పెట్టేసరికి ఎండలు ముదిరిపోతాయి. ఇక్కడ మనం కాచుకోవలసింది వేడి నుంచే.

సమస్య: టార్చి వెలుగులో ఎర్రటి నరాలు కనిపించిన, అంటే లోపల పిల్ల పెరుగుతున్న గుడ్లు మధ్యలో చచ్చిపోతున్నాయి, లేదా పిల్లలు వంకర వెన్నుతో పుడుతున్నాయి.

కారణం: ఇక్కడ ఎక్కువగా వేడే. గుడ్లకు 26 నుంచి 29 డిగ్రీలు చాలు. 32 దాటి నిలిచిందంటే ప్రమాదమే. కాస్త చల్లబడితే పిల్లలు ఆలస్యంగా వస్తాయి, అంతే. అందుకే నేనైతే 27 దగ్గరే ఉంచమంటాను. ఆ వేడిలో సుమారు రెండు నెలలు పడుతుంది.

పరిష్కారం: చేపలు, రొయ్యలు రవాణా చేసే మందపాటి థర్మాకోల్ పెట్టె తీసుకోండి. అడుగున నీళ్లు నింపిన సీసాలు పేర్చి, వాటిపై గుడ్ల డబ్బా పెట్టండి. ఇంట్లో అన్నిటికన్నా చల్లని గదిలో నేలమీదే ఉంచండి. థర్మామీటర్ మొన గుడ్ల పక్కనే ఉండాలి. కరెంటు పోతే మూత పదేపదే తెరవకండి. వేడి 30కి చేరితే గడ్డకట్టిన నీళ్ల సీసాను గుడ్డలో చుట్టి, గుడ్ల డబ్బాకు తగలకుండా ఒక మూల పెట్టండి.

సమస్య: గుడ్లు సొట్టలు పడుతున్నాయి.

చివరి వారం పది రోజుల్లో అయితే అది సహజం, కంగారు పడకండి. మొదట్లోనే పడితే తేమ చాలడం లేదు. గుడ్ల కింద పరచడానికి కోనసీమలో చౌకగా దొరికే కొబ్బరి పొట్టు మంచిదే కానీ, అందులో ఉప్పుంటే అది గుడ్డులోని నీటినే లాగేస్తుంది. మంచినీళ్లతో రెండు మూడుసార్లు కడిగి, గట్టిగా పిండండి. పిడికిట్లో నొక్కితే చేయి తడవాలి, చుక్క మాత్రం రాలకూడదు. తర్వాత నీళ్లు పోయాలన్నా డబ్బా అంచుల్లోనే, గుడ్లమీద కాదు.

సమస్య: బూజు.

పసుపు రంగులో, చిన్నగా, గట్టిగా ఉన్నవి సాధారణంగా పనికిరాని గుడ్లు. బూజు ముందు వాటికే పడుతుంది. విడిగా ఉంటే తీసేయండి. మిగతావాటికి అతుక్కుని ఉంటే లాగకండి, పెంకు చిరుగుతుంది. పొడి దూదితో తుడిచి, మూత కాసేపు తీసి ఉంచితే చాలు. ఏ గుడ్డునూ తిప్పకూడదు. పెట్టిన రోజే పైవైపు పెన్సిలుతో గుర్తు పెట్టుకోండి.

సమస్య: చీమలు.

చీమల బెడద ఉంటే పెట్టెను నేలమీద కాకుండా పీటమీదకు ఎక్కించి, పీట కాళ్లు నీళ్ల గిన్నెల్లో ఉంచండి. చీమల మందు దగ్గరకు రానివ్వకండి.

సమస్య: కొన్ని గుడ్లు పెట్టి, పాము ఆగిపోయింది.

గుడ్లకు ముందు కుబుసం విడిచిన పది రోజులకు అటూఇటూగా పాము గుడ్లు పెడుతుంది. కొన్ని పెట్టి ఆగాక రెండు రోజులైనా తోక వైపు ఉబ్బు తగ్గకపోతే పశువైద్యుడికి చూపించాలి, చేత్తో నొక్కి తోయకూడదు. మూడేళ్లు నిండని, 300 గ్రాములు లేని ఆడపామును జతకట్టనివ్వకపోవడమే ముందుజాగ్రత్త.

సమస్య: గుడ్డు చీల్చి తల బయటపెట్టిన పిల్ల కదలడం లేదు.

అది లోపలి పచ్చసొనను పీల్చుకుంటోంది. ఒకటి రెండు రోజులు అలాగే ఉంటుంది. బయటకు లాగకండి.