గురువు వచ్చేదాకా ఆగలేనప్పుడు: ప్రాణాపాయంలో జ్ఞానస్నానం (విచారణ పాఠాలు – 4)

పోయిన పాఠంలో జ్ఞాన తల్లిదండ్రులను, అంటే జ్ఞానస్నానంలో (బాప్తిస్మంలో) బిడ్డకు తోడుగా నిలబడేవాళ్లను, ఎలా ఎంచుకోవాలో చూశాం. పదహారేళ్లు నిండాలి, దివ్యసత్ప్రసాదం (కమ్యూనియన్), భద్రమైన అభ్యంగనం (కన్ఫర్మేషన్) పొందిన కథోలికులై ఉండాలి, కన్న తల్లిదండ్రులు ఆ స్థానంలో నిలబడకూడదు అని చెప్పుకున్నాం. "బంగారం పెట్టే మేనమామను కాదంటే ఎట్లా సార్?" అన్న ప్రశ్న మళ్లీ వచ్చింది. మేనమామను బంగారం పెట్టనివ్వండి, ఎవరు వద్దన్నారు? జ్ఞానతండ్రిగా మాత్రం ఆదివారం పూజకు వచ్చే మనిషిని నిలబెట్టండి.

ఈ పాఠంలో గుడి లేదు, తొట్టి లేదు, తెల్ల గౌను లేదు, ఫోటోగ్రాఫర్ అసలే లేడు. బిడ్డ ఉంది, సమయం లేదు. ములుగు, భూపాలపల్లి, పరకాల, జనగామ వైపు నుంచి నెలలు నిండని బిడ్డను పట్టుకుని వరంగల్, హనుమకొండ ఆసుపత్రులకు పరుగెత్తే కుటుంబాలు మన విచారణల్లో (పారిష్‌లలో) ఎన్నో ఉన్నాయి. రాత్రి రెండింటికి డాక్టరు "చెప్పలేం అమ్మా" అన్నప్పుడు ఫాదర్ గారి ఫోన్ కలవకపోవచ్చు. కలిసినా, ఆయన బండి తీసి వచ్చేసరికి ఆలస్యం కావచ్చు. ఆ పది నిమిషాల్లో చేయాల్సిన పని ప్రతి కథోలికుడికీ చేతనై ఉండాలి.

మామూలు రోజుల్లో జ్ఞానస్నానం ఇచ్చేది బిషప్ గారు, గురువు (ఫాదర్ గారు), డీకన్ (గురువుకు కింది మెట్టులో అభిషేకం పొందిన సేవకుడు). అవసరం ముంచుకొస్తే ఎవరైనా ఇవ్వవచ్చని 1983 నాటి శ్రీసభ (కథోలిక సభ) చట్టం 861వ నియమం చెబుతుంది. నాన్న ఇవ్వవచ్చు, నాయనమ్మ ఇవ్వవచ్చు, డ్యూటీలో ఉన్న నర్సు ఇవ్వవచ్చు. ఆ నర్సు క్రైస్తవురాలు కాకపోయినా చెల్లుతుంది. ఆమె మనసులో ఉండాల్సింది ఒక్కటే: "శ్రీసభ ఏం చేస్తుందో అదే నేను ఈ బిడ్డకు చేస్తున్నాను" అన్న ఉద్దేశం. ఇది కొత్తగా వచ్చిన సడలింపు అనుకోకండి, 1439లో ఫ్లోరెన్స్ మహాసభ కూడా ఇదే మాట చెప్పింది.

ముందు నీళ్ల సంగతి. నల్లా నీళ్లు, బోరు నీళ్లు, కొనుక్కున్న సీసా నీళ్లు ఏవైనా సరే. మంత్రించిన నీళ్లే కావాలని వెతుక్కుంటూ కూర్చోవద్దు. పాలు, కొబ్బరినీళ్లు, నూనె పనికిరావు. తడి వేలితో నుదుటి మీద సిలువ గీస్తే సరిపోతుందని కొందరు అనుకుంటారు, సరిపోదు. నీళ్లు తల మీద పారాలి. జుట్టు ఒత్తుగా ఉంటే చేత్తో కొంచెం పాయ తీసి, చర్మానికి తగిలేలా పోయండి.

బిడ్డ వార్మర్‌లో ఉందనుకోండి. నెత్తికి టోపీ, ముక్కుకు గొట్టం, చేతికి సెలైన్ సూది, కాలికి "బేబీ ఆఫ్" అని తల్లి పేరు రాసిన పట్టీ. అక్కడికి గ్లాసుతో వెళితే ఎవరూ రానివ్వరు, రానివ్వకపోవడమే న్యాయం. ఇన్‌చార్జి సిస్టర్‌ను అడగండి: "మాకు జ్ఞానస్నానం ఇవ్వాలమ్మా, రెండు మూడు చుక్కల నీళ్లు తల మీద పోస్తే చాలు." ఇంజెక్షన్లలో కలపడానికి వాడే స్టెరైల్ వాటర్ వాళ్ల దగ్గర ఉంటుంది. సూది లేని సిరంజిలో ఒకటి రెండు ఎంఎల్ తీసుకుని, టోపీ కాస్త పైకి జరిపి, మెల్లగా వదిలితే సరిపోతుంది. కింద దూది పెడితే పడక తడవదు. మిమ్మల్ని లోపలికి రానివ్వకపోతే మాటలు కాగితం మీద రాసిచ్చి ఆమెనే ఇవ్వమనండి. తల అందే వీలు అస్సలు లేకపోతే ఛాతీ మీదైనా పోయండి. బిడ్డ బతికి బయటపడ్డాక ఆ సంగతి గురువుకు తప్పకుండా చెప్పాలి. అలాంటి సందర్భంలో ఆయన షరతు మీద, అంటే "నీకు ఇదివరకు జ్ఞానస్నానం కాకపోయి ఉంటే" అని ముందు చేర్చి, మళ్లీ ఇవ్వవచ్చు.

ఇక మాటలు. బిడ్డ పేరు పిలిచి,

"పిత యొక్కయు, పుత్రుని యొక్కయు, పవిత్రాత్మ యొక్కయు నామమున నేను నీకు జ్ఞానస్నానము ఇచ్చుచున్నాను."

గ్రాంథికం నోరు తిరగకపోతే "పిత, పుత్ర, పవిత్రాత్మ నామంలో నేను నీకు జ్ఞానస్నానం ఇస్తున్నాను" అనండి, చెల్లుతుంది. పిత అన్నప్పుడు ఒకసారి, పుత్ర అన్నప్పుడు ఒకసారి, పవిత్రాత్మ అన్నప్పుడు ఒకసారి నీళ్లు పోయాలి. చేయి వణికి ఒక్కసారే పోసినా జ్ఞానస్నానం జరిగినట్టే. పేరు సంగతికి వస్తే, మన దగ్గర ఇరవై ఒకటో రోజు తొట్టెల ఫంక్షన్ దాకా పేరు అనుకోని ఇళ్లు చాలా ఉన్నాయి. అప్పటికప్పుడు మరియ అనో జోసఫ్ అనో పిలవండి. అదీ తోచకపోతే పేరు లేకుండానే ఇవ్వండి. పేరు లేనంత మాత్రాన సంస్కారం చెడదు.

చెడేది ఎక్కడంటే, నాయనమ్మ నీళ్లు పోస్తుంటే తాత మాటలు చెప్పడం. పోసే మనిషే మాటలు చెప్పాలి. నీళ్లు ఇప్పుడు పోసి, తర్వాత పుస్తకం వెతికి మాటలు చదవడం కూడా కుదరదు, రెండూ కలిసి జరగాలి. "యేసు నామమున" అని మాత్రమే అంటే చాలదు, ముగ్గురి పేర్లూ రావాలి. ఇంకొకటి, కుటుంబమంతా చుట్టూ ఉన్నారు కదా అని "మేము నీకు జ్ఞానస్నానం ఇస్తున్నాం" అనడం. చూడ్డానికి ఆప్యాయంగానే ఉంటుంది కానీ చెల్లదు. 2020 ఆగస్టులో రోము నుంచి విశ్వాస సిద్ధాంత శాఖ ఈ విషయం మీదే స్పష్టత ఇచ్చింది: అలా ఇచ్చిన జ్ఞానస్నానం చెల్లదు, ఆ మనిషికి షరతు లేకుండా మళ్లీ ఇవ్వాలి. జ్ఞానస్నానంలో క్రీస్తే ఇస్తున్నాడు, ఇచ్చే మనిషి ఆయన పక్షాన "నేను" అంటున్నాడు. చుట్టాల తరఫున మాట్లాడడానికి అతను అక్కడ లేడు.

అందరూ వాయిదా వేసే ప్రశ్న ఒకటుంది. బిడ్డ అప్పటికే పోయి ఉంటే? సంస్కారాలు బతికున్నవాళ్లకే. అందుకే డాక్టరును సూటిగా అడగండి: "గుండె ఇంకా కొట్టుకుంటోందా?" కొట్టుకుంటుంటే ఆలోచించకుండా ఇవ్వండి. అనుమానంగా ఉంటే "నీవు బతికి ఉంటే" అని ముందు చేర్చి అవే మాటలు చెప్పండి. అయిపోయిందని తేలితే నీళ్లు పోయవద్దు, బిడ్డను చేతుల్లోకి తీసుకుని ప్రార్థన చేయండి.

అలా జ్ఞానస్నానం అందక పోయిన బిడ్డల తల్లులకు మన ఊళ్లల్లో పెద్దవాళ్లు ఏమేమో చెప్పారు. ఆ బిడ్డ దేవుణ్ణి చూడదని, గుడి బొందలగడ్డలో చోటు లేదని. ఇది వినీ వినీ ముప్పై ఏళ్ల తర్వాత కూడా ఏడ్చే అవ్వలు ఉన్నారు. ఆ మాటలు ఇక ఆపాలి. అలాంటి బిడ్డలను శ్రీసభ దేవుని కరుణకు అప్పగిస్తుందని కథోలిక సత్యోపదేశ గ్రంథం 1261వ పేరాలో ఉంది. 'లింబో' (జ్ఞానస్నానం అందని బిడ్డలు స్వర్గం బయట ఉండిపోయే చోటు) అనే పాత అభిప్రాయం విశ్వాస సత్యం కాదని, ఈ బిడ్డల రక్షణ గురించి ఆశ పెట్టుకోవడానికి గట్టి కారణాలున్నాయని 2007లో అంతర్జాతీయ వేదాంత సంఘం పత్రం రాసింది. తల్లిదండ్రులు జ్ఞానస్నానం ఇప్పించాలనుకుని ఉండి, ఈలోగా బిడ్డ పోతే, గుడి పద్ధతిలోనే భూస్థాపన చేయడానికి బిషప్ గారు అనుమతించవచ్చు. చట్టంలో 1183వ నియమం. విచారణ గురువును అడగడానికి మొహమాటపడవద్దు.

పక్క బెడ్ మీద వేరే మతం వాళ్ల బిడ్డ ఉంటే? చట్టం అక్షరాలా చూస్తే ప్రాణాపాయంలో దానికీ దారి ఉంది. నా మాట మాత్రం, తల్లిదండ్రులు నోరు తెరిచి అడగనిదే ఆ బిడ్డను ముట్టుకోవద్దు. చాటుగా చేసిన పని వార్డులో తెలిసిందంటే, రేపు మన బిడ్డ దగ్గరికి కూడా ఎవరూ మనల్ని రానివ్వరు. ప్రార్థన చేయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

పెద్దవాళ్ల విషయంలో పద్ధతి వేరు. భార్యతో పాటు ఇరవై ఏళ్లు పూజకు వచ్చి, ఎందుకో జ్ఞానస్నానం మాత్రం తీసుకోని మామలు మన ప్రతి ఊళ్లోనూ ఒకరిద్దరు కనిపిస్తారు. అలాంటి ఆయన మంచం పట్టి "నాకు ఇయ్యిరి" అంటే, ముందు గురువును పిలవండి. గురువు వస్తే భద్రమైన అభ్యంగనం, సత్ప్రసాదం కూడా అప్పుడే అందుతాయి. ఆయన వచ్చేదాకా ఆగలేమంటే మీరే అడగండి: దేవుణ్ణి, యేసు ప్రభువును నమ్ముతున్నావా? జ్ఞానస్నానం నీకు నువ్వే కోరుతున్నావా? బతికితే క్రైస్తవుడిగా నడుచుకుంటావా? నోరు రాకపోతే తల ఊపినా చాలు. ఎన్నడూ కోరని మనిషికి, స్పృహ లేదు కదా అని కోడలు తన తృప్తి కోసం పోయడం మాత్రం తప్పు.

బిడ్డ బతికింది, ఇంటికి వచ్చింది. ఇక్కడే విచారణ లోపలికి వస్తుంది. ఆసుపత్రిలో జరిగింది తాత్కాలికం, అసలుది గుడిలో జరగాలి అని చాలామంది అనుకుంటారు. ఆ సిరంజి నీళ్లతోనే బిడ్డ పూర్తి క్రైస్తవురాలైంది. మళ్లీ నీళ్లు పోయరు. ఒక ఆదివారం బిడ్డను గుడికి తీసుకొస్తే గురువు తలుపు దగ్గర స్వాగతం చెప్పి, వాక్యం చదివి, క్రిస్మా తైలం (బిషప్ గారు ఆశీర్వదించిన నూనె) పూసి, తెల్లని వస్త్రం తొడిగి, పాస్కా వత్తి (ఈస్టర్ పెద్ద క్రొవ్వొత్తి) నుంచి వెలిగించిన క్రొవ్వొత్తి చేతికిస్తారు. జ్ఞాన తల్లిదండ్రులు అప్పుడు నిలబడతారు. వచ్చినవాళ్లందరూ ఆ బిడ్డను తమ విచారణ బిడ్డగా అందుకుంటారు. "ఫోటో కోసం ఒక్కసారి నీళ్లు పోయండి ఫాదర్" అని అడగవద్దు. ఆయన కుదరదంటే అలగవద్దు. కాజీపేట ఫాతిమా కెథడ్రల్ అయినా, చిన్న తండాలోని రేకుల గుడి అయినా ఇందులో తేడా ఉండదు.

రిజిస్టర్ దగ్గర తికమక ఎక్కువ. మీది భూపాలపల్లి విచారణ, జ్ఞానస్నానం జరిగింది హనుమకొండ ఆసుపత్రిలో. ఎక్కడ రాయాలి? జరిగిన చోటు ఏ విచారణ కిందికి వస్తుందో ఆ రిజిస్టర్‌లో. ఇచ్చినవాళ్లే ఆ గురువుకు తెలపాలి, ఇది 878వ నియమం. మీ విచారణ గురువుకు కూడా చెప్పి ఉంచండి. ఆసుపత్రిలో ఉన్నప్పుడే ఒక కాగితం మీద రాసుకోండి: బిడ్డ పేరు, పుట్టిన తేదీ, చోటు, అమ్మానాన్నల పేర్లు, ఎవరు ఇచ్చారు, ఎక్కడ, ఏ రోజు, చూసినవాళ్లు ఎవరు. నర్సు ఇచ్చి ఉంటే ఆమె పేరు అడిగి రాసుకోండి. ఒక్క సాక్షి అయినా ఉండేలా చూడండి. రేపు సత్ప్రసాదానికి, పెళ్లికి ఆ పత్రమే అడుగుతారు. అభ్యంగనం, పెళ్లి వివరాలు కూడా ఆ పేరు పక్కనే మార్జిన్‌లో చేరుతాయి. మంచిర్యాల వైపు చుట్టాలున్నవాళ్లకు ఒక మాట: అక్కడి ఆదిలాబాద్ మేత్రాసనం (బిషప్ గారి పరిధి) సీరో మలబార్ రీతిది, అంటే కేరళ మూలాలున్న తూర్పు కథోలిక పద్ధతిది. వాళ్ల పసిపిల్లలకు జ్ఞానస్నానంతో పాటే అభ్యంగనం కూడా ఇస్తారు కాబట్టి పత్రంలో రెండూ కనిపిస్తాయి, కంగారు పడకండి.

"ఇచ్చింది ఆసుపత్రిలోనే కదా, రిజిస్టర్‌లో రాయకుంటే ఏమైతది?" అని మెల్లగా అడిగేవాళ్లున్నారు. వాళ్ల టెన్షన్ ఉత్తది కాదు, క్రైస్తవులని కాగితం మీద పడితే ఎస్సీ హోదా పోతుందన్న భయం అది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకే ఉండేది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, క్రైస్తవులను చేర్చలేదు. తెలంగాణలో దళిత క్రైస్తవులు బీసీ–సి కిందికి వస్తారు, వాళ్లకు రిజర్వేషన్ ఒక్క శాతం. ఇది అన్యాయమని నేనూ అంటాను, సభ కూడా ఏళ్ల తరబడి అంటోంది. అయినా రిజిస్టర్‌లో పేరు దాచడం దానికి మందు కాదు. దాచిన పేరు పెళ్లినాడు ఎలాగూ బయటపెట్టాలి.

ఇప్పుడు అభ్యాసం. ఒక చిన్న స్టీలు గ్లాసులో నీళ్లు తీసుకోండి. మీ ఎడమ అరచేతి మీద మూడుసార్లు పోస్తూ మాటలు చెప్పండి. వాక్యం అయ్యేలోపు గ్లాసు ఖాళీ అయిపోతోందా, నీళ్లు మిగులుతున్నాయా చూసుకోండి. చూడకుండా చెప్పగలిగేదాకా చేయండి. మనుషుల మీద, సరదాకి కూడా, ప్రాక్టీసు వద్దు. తర్వాత ఆ వాక్యాన్ని కాగితం మీద రాసి ప్రసూతి సంచిలో, ఆసుపత్రి ఫైలు పక్కన పెట్టండి.

ఈ నాలుగింటికి మీ జవాబులు నోటుబుక్కులో రాయండి:

1. అమ్మమ్మ నీళ్లు పోసింది, మామయ్య మాటలు చెప్పాడు. బిడ్డ బతికింది. గురువుకు ఏం చెప్పాలి?

2. హిందూ నర్సు, మీరు రాసిచ్చిన కాగితం చూసి, మాటలు చెబుతూ తానే పోసింది. గుడిలో మళ్లీ నీళ్లు పోయాలా?

3. ములుగు బిడ్డకు వరంగల్‌లో జ్ఞానస్నానం జరిగింది. ఏ విచారణ రిజిస్టర్‌లో రాయించాలి?

4. బాప్టిస్టు సంఘంలో పిత, పుత్ర, పవిత్రాత్మ నామమున చెరువులో మునిగి బాప్తిస్మం తీసుకున్న అమ్మాయి పెళ్లయ్యాక కథోలిక సభలోకి వస్తానంటోంది. ఆమెకు మళ్లీ ఇవ్వాలా?

నాలుగో దానికి జవాబు ఈ పాఠంలో నేరుగా లేదు, చెల్లడానికి ఏమేం కావాలో చెప్పిన పేరాలు చూసి మీరే తేల్చండి. వచ్చే పాఠం రిజిస్టర్‌లో పేరు, పుట్టిన తేదీ తప్పు పడితే ఎలా సరిచేయించుకోవాలన్న దాని మీద. మీ ఇంట్లో ఎవరిదైనా పాత జ్ఞానస్నాన పత్రం ఉంటే తీసి దగ్గర పెట్టుకోండి. ఖమ్మం వైపుది, 1988కి ముందుది అయితే దాని మీద వరంగల్ మేత్రాసనం అనే ఉండవచ్చు, ఖమ్మం అప్పటికి వేరు కాలేదు.