పేటెంట్లలో ఐడియాల వేట – 4వ పాఠం: ఖాళీ గడి

పోయిన పాఠంలో ఇచ్చిన పని చాలామందిని ఒకే చోట బోల్తా కొట్టించింది. ఎండుమిరప తొడిమ తీసే యంత్రాల మీద ఇరవై పేటెంట్లు ఏరి, ఒక్కోదాని ఎదురుగా ‘ఇది తీర్చే ఇబ్బంది ఏమిటి’ అని రాయమన్నాను. పట్టికలు రెండు రకాలుగా వచ్చాయి. ఒక రకంలో ఆ గడి నిండా ‘శ్రమ తగ్గించడం, వేగం పెంచడం, ఖర్చు తగ్గించడం’ అనే ఉంది. ఇరవై వరుసలకూ అదే పాట. రెండో రకంలో ఆ గడి ఖాళీగా ఉంది, పక్కన ‘దీని మీద పేటెంట్ ఉంది కాబట్టి వదిలేశాను’ అని ఉంది. మొదటి తప్పు చిన్నది, ఇవాళ్టి పాఠంలోనే సర్దుకుంటుంది. రెండోది ముదిరితే మిగతా పాఠాలు చదివి లాభం లేదు. అందుకే ముందు దాని సంగతి చూద్దాం.

దానికంటే ముందు, నాలుగైదు పత్రాలకు మించి దొరకలేదన్నవాళ్ళకు ఒక్క మాట. తరగతి సంఖ్య (పేటెంట్లను విషయాన్ని బట్టి విడదీసే గుర్తు) ఏ23ఎన్ 15/02 సరిగానే వేశారు, మాటల దగ్గర ఆగిపోయారు. చిల్లీకి ఒక ‘ఎల్’, రెండు ‘ఎల్’లు రెండూ వేసి చూడండి. క్యాప్సికమ్, హాట్ పెప్పర్, ఉత్త పెప్పర్ కూడా కలపండి. తొడిమకు స్టెమ్ ఒక్కటే సరిపోదు, పెడిసెల్, పెడంకుల్, స్టాక్ చేర్చండి. చైనా పత్రాల యంత్రానువాదాల్లో తొడిమ ‘హ్యాండిల్’ అని పడుతుంది, అది వేయకపోతే సగం సరుకు కనపడదు. ఇవన్నీ ఇంగ్లిష్ అక్షరాల్లోనే టైపు చేయాలని వేరే చెప్పక్కర్లేదు.

ఇప్పుడు అసలు గొడవ. ‘పేటెంట్ ఉంది’ అన్న మాటలో నాలుగు ప్రశ్నలు దాక్కుని ఉన్నాయి. నాలుగింటికీ జవాబు రాయకుండా ఏ వరుసనూ కొట్టేయకండి.

మొదటిది: అది పేటెంటా, దరఖాస్తా? నంబరు చివర అక్షరం చూస్తే తెలుస్తుంది. చైనా పత్రానికి చివర ‘ఏ’ ఉంటే ప్రచురించిన దరఖాస్తు మాత్రమే. ‘బి’ ఉంటే పరీక్షించి మంజూరు చేసిన పేటెంట్. ‘యు’ ఉంటే యుటిలిటీ మోడల్: లోతైన పరీక్ష ఉండదు, గడువు పదేళ్ళే. తొడిమ యంత్రాల్లో ఈ ‘యు’లు కుప్పలుగా ఉంటాయి. అమెరికాలో ‘ఏ1’ దరఖాస్తు, ‘బి1’, ‘బి2’ పేటెంట్లు. ‘డబ్ల్యూఓ’తో మొదలయ్యే నంబరు చూసి ‘ప్రపంచ పేటెంట్’ అని రాసినవాళ్ళున్నారు. అలాంటిదేదీ లేదు. అది పీసీటీ ఒప్పందం (పలు దేశాల కోసం ఒకే దరఖాస్తు వేసే అంతర్జాతీయ ఏర్పాటు) కింద వేసిన దరఖాస్తు. ఏ దేశంలో హక్కు కావాలంటే ఆ దేశంలో మళ్ళీ అడగాల్సిందే. మన దేశంలో అడగడానికి, మొట్టమొదట దాఖలు చేసిన తేదీ నుంచి 31 నెలలు గడువు.

రెండోది: ఏ దేశంలో? పేటెంట్ హక్కు ఇచ్చిన దేశం సరిహద్దు దాటదు. చైనాలో మాత్రమే పేటెంట్ ఉన్న యంత్రాన్ని గుంటూరులో తయారుచేసి ఖమ్మంలో అమ్మితే ఆ చైనా హక్కుదారు అడ్డుకోలేడు. ఆ యంత్రాన్నే చైనాకు పంపితే మాత్రం అడ్డుకోగలడు. ఎస్పాసెనెట్‌లో (యూరప్ పేటెంట్ కార్యాలయం వారి ఉచిత వెతుకులాట సైటు) పత్రం తెరిచి ‘పేటెంట్ ఫ్యామిలీ’ నొక్కండి, ఏయే దేశాల్లో వేశారో వరుసగా వస్తుంది. అందులో భారత్ లేదు, 31 నెలలు దాటి చాలాకాలమైంది అంటే ఆ హక్కుదారుకు మన దేశంలో పేటెంట్ అడిగే తలుపు దాదాపు మూసుకున్నట్టే. దాదాపు అని ఎందుకంటున్నానంటే, మన దరఖాస్తులు విదేశీ డేటాబేస్‌లకు ఎక్కడంలో ఆలస్యం, లోపాలు ఉంటాయి. ఇన్‌పాస్‌లో (మన పేటెంట్ కార్యాలయం వెతుకులాట సైటు) దరఖాస్తుదారు పేరు, ఆవిష్కర్త పేరు విడివిడిగా వేసి మరోసారి చూసుకోండి.

ఇక్కడే ఇంకో గుంట ఉంది. ‘ఇక్కడ పేటెంట్ లేదు కదా, నేనే తీసుకుంటాను’ అని కొందరు రాశారు. కుదరదు. కొత్తదనాన్ని ప్రపంచం మొత్తం మీద చూస్తారు. చైనాలో ప్రచురితమైనది మన చట్టం ముందు కూడా పాతదే. వాడుకోవచ్చు, సొంతం చేసుకోలేరు. మీరు దాని మీద చేర్చిన మెరుగుదల నిజంగా కొత్తదైతే, ఆ మెరుగుదలకు మాత్రం అడగవచ్చు.

మూడోది: ఫీజు కడుతున్నారా? మన దేశంలో పేటెంట్ ఆయుష్షు దాఖలు తేదీ నుంచి 20 ఏళ్ళు, కానీ మూడో ఏడాది నుంచి ఏటా రుసుము కట్టాలి. కట్టకపోతే హక్కు పోతుంది. గూగుల్ పేటెంట్స్‌లో ‘ఎక్స్‌పైర్డ్ – ఫీ రిలేటెడ్’ అని కనిపించేది ఇలాంటివే. ఆ మాట పక్కనే, ఇది తమ ఊహ, చట్టపరమైన నిర్ధారణ కాదని గూగులే రాసుకుంది, దాన్ని ఎవరూ చదవరు. భారతీయ నంబరైతే ఇన్‌పాస్‌లో ఈ-రిజిస్టర్ తెరిచి చూడాలి. అక్కడ కూడా నిన్నగాక మొన్న పోయిందని సంబరపడకండి: రుసుము కట్టక పోయిన పేటెంట్‌ను తిరిగి నిలబెట్టమని అడగడానికి మన పేటెంట్ల చట్టం 60వ సెక్షన్ 18 నెలల సమయం ఇస్తుంది.

నాలుగోది: ఏ క్లెయిమ్? సారాంశం చదివి భయపడటం అందరికీ అలవాటు. హక్కు సారాంశంలో ఉండదు, క్లెయిముల్లో ఉంటుంది, అంటే ‘ఇంతవరకు నాది’ అని పత్రం చివర నంబర్లు వేసి రాసే వాక్యాల్లో. ఒక క్లెయిమ్‌లో డ్రమ్, కత్తి, బ్రష్, గాలి ఫ్యాను అని నాలుగు భాగాలు చెప్పారనుకోండి. నాలుగూ ఉంటేనే మీది అందులో పడుతుంది. బ్రష్ లేకుండానే పని నడిపే ఉపాయం మీకుంటే లెక్క మారుతుంది. బ్రష్ తీసి అదే పని చేసే రబ్బరు పట్టీ పెడితే మాత్రం తప్పించుకున్నట్టు కాదు, కోర్టులు దాన్ని సమానమైనదిగానే చూడవచ్చు.

ఇంత చెప్పాను కాబట్టి ఇప్పుడే పేటెంట్ ఏజెంట్ దగ్గరికి పరుగెత్తకండి. ఐడియా వెతికే దశలో ఈ నాలుగు జవాబులు ఒక గడిలో రాసి పెట్టుకుంటే చాలు. డబ్బు పెట్టే ముందు ఏజెంట్‌తో చూపించుకోవాలి. కేవలం ప్రయోగం కోసం, పరిశోధన కోసం ఒక నమూనా చేసి చూసుకోవడానికి 47వ సెక్షన్ అనుమతి ఎలాగూ ఉంది.

ఇక ‘శ్రమ తగ్గించడం’ బాపతు గడుల సంగతి. అవి సారాంశం నుంచి ఎత్తిరాసినవి. నేనైతే సారాంశం చదవను. ముందు బొమ్మలు, తర్వాత బ్యాక్‌గ్రౌండ్ భాగంలో చివరి పేరా, ఆ తర్వాత రెండో క్లెయిమ్ నుంచి చివరిదాకా, ఈ వరుసలో వెళ్తాను. బ్యాక్‌గ్రౌండ్ చివరి పేరాలో పాత యంత్రాల్ని తిట్టిపోస్తారు, మనకు కావలసింది ఆ తిట్లే. చైనా పత్రాల్లో ‘బెనిఫిషియల్ ఎఫెక్ట్స్’ (దీనివల్ల లాభాలు) అని ఒక భాగం ఉంటుంది, దాన్ని తిరగేసి చదివితే పాత ఇబ్బంది బయటపడుతుంది.

రెండో క్లెయిమ్ నుంచి ఎందుకంటే, మొదటి క్లెయిమ్ యంత్రం ఏమిటో చెబుతుంది, తర్వాతివి అది ఎక్కడ మొరాయించిందో చెబుతాయి. ఈ తరహా పత్రాల్లో కనిపించే వరుస మచ్చుకు ఇలా ఉంటుంది. ఒకటి: ఫ్రేము, దాని మీద తిరిగే రంధ్రాల డ్రమ్, డ్రమ్‌ను బయటినుంచి ఆనుకున్న కత్తి. తొడిమ రంధ్రంలోంచి బయటికి పొడుచుకొస్తే కత్తి కోస్తుంది. రెండు: డ్రమ్ పైభాగాన ఒక బ్రష్. అంటే తెగిన తొడిమలు రంధ్రాల్లో ఇరుక్కుంటున్నాయి. మూడు: రంధ్రాల లోపలి అంచు గరాటులా ఉండాలి. అంటే కాయ అడ్డంగా పడి దొర్లుతోంది, తొడిమ రంధ్రాన్ని పట్టుకోవడం లేదు. నాలుగు: కత్తికీ డ్రమ్‌కీ మధ్య సందు మార్చుకునే మరలు. అంటే కాయల సైజు తేడాకి ఒకసారి కాయ మెడ తెగుతోంది, ఇంకోసారి టోపీ (తొడిమ మొదట్లో కాయను కప్పి ఉండే భాగం) కాయకే మిగిలిపోతోంది. ఐదు: మేత తొట్టి కింద వైబ్రేటర్. అంటే ఎండుకాయలు ఒకదానికొకటి పెనవేసుకుని తొట్టి నోట్లో గుమిగూడుతున్నాయి. చూశారా, ఒక్క పత్రంలో నాలుగు ఇబ్బందులు. ‘శ్రమ తగ్గించడం’ ఇందులో ఎక్కడుంది?

ఇలా ఇరవై పత్రాలు పిండితే ఇబ్బందులు మళ్ళీ మళ్ళీ అవే వస్తాయి. వాటిని ఎడమవైపు నిలువుగా రాయండి: గింజ రాలడం, కాయ విరగడం, రంధ్రాలు పూడిపోవడం, కాయ అడ్డంగా పడటం, టోపీ మిగలడం, తేమ తేడా, దుమ్ము, ఘాటు. పైన అడ్డంగా పద్ధతులు: ఎదురెదురుగా తిరిగే రోలర్లు, రంధ్రాల డ్రమ్, గాలి, కెమెరాతో పాటు కత్తి. ఏ ఇబ్బందిని ఏ పద్ధతితో తీర్చారో ఆ గడిలో పత్రం నంబరు వేయండి. కంప్యూటర్‌లో చేసినా సరే, నాకు మాత్రం చార్టు పేపరే ఇష్టం, గోడకు అంటిస్తే పది రోజులు కళ్ళముందు ఉంటుంది.

తేమ వరుసను తేలిగ్గా తీసుకోవద్దు. నిల్వకు తగ్గట్టు 10–11 శాతం దాకా ఎండిన కాయ పెళుసుగా ఉంటుంది, రోలర్లలో పడితే విరిగి గింజ రాలుతుంది. తేమ ఎక్కువుంటే తొడిమ పుటుక్కున తెగదు, వంగి ఊరుకుంటుంది, పైగా బూజు భయం. తేజ లాంటి సన్నకాయకు కుదిరిన సందు, ముడతల బ్యాడిగికి కుదరదు. యంత్రం ఒక రకం కాయతో చూపించిన ఫలితం యార్డులో తేలిపోయేది ఇక్కడే.

పట్టికలో ఖాళీ గడులు కనపడగానే ఎగిరి గంతేయకండి. ఖాళీకి కారణాలు మూడు ఉండొచ్చు. ఒకటి, ఆ పని భౌతికంగా కుదరదు. రెండు, కొనేవాడు లేడు. మూడు, వేరే తరగతిలో ఎప్పుడో తీర్చేశారు. మూడోదాన్ని ముందు తేల్చుకోవాలి, చవక కాబట్టి. దుమ్ము ఖాళీగా ఉంటే గాలి వడపోతల బీ01డీ 46లో వెతకండి. గాలితో తేలికైనదాన్ని విడదీయడం బీ07బీ 4లో ఉంటుంది. రంగును బట్టి ఏరడం బీ07సీ 5/342లో. అక్కడ దొరికితే నష్టమేమీ లేదు, వేరే పరిశ్రమలో పండిన ఉపాయాన్ని మిరపకు తెచ్చుకునే దారి దొరికినట్టే.

ఒక దగ్గరిదారి చెబుతాను. గూగుల్ పేటెంట్స్‌లో ఫీజు కట్టక పోయినవాటిని మాత్రమే తీసి, వాటిలో ‘సైటెడ్ బై’ జాబితా పొడుగ్గా ఉన్నవి ఏరండి. కన్నవాడు వదిలేశాడు, తర్వాతివాళ్ళు మాత్రం దాన్నే ప్రస్తావిస్తూ కొత్తవి వేస్తున్నారంటే, ఇబ్బంది ఇంకా బతికే ఉందన్నమాట. ఫీజు కట్టకపోవడం ఒక్కటే చూసి తీర్పు ఇవ్వకండి. చైనాలో ప్రోత్సాహకాల కోసం వేసి వదిలేసినవి బోలెడు. ఇంకోటి: దరఖాస్తులు మామూలుగా 18 నెలల తర్వాతే బయటికొస్తాయి. గత ఏడాదిన్నరలో ఎవరేం వేశారో మీ పట్టికకు తెలియదు.

ఖాళీ గడిని సరుకుగా ఎలా మార్చాలో చూడండి. ఘాటు వరుసలో ఒక్క నంబరూ లేదనుకుందాం. యంత్రం కట్టక్కర్లేదు, తొడిమలు తీసే ఆడవాళ్ళు కూర్చునే చోట, ఘాటునూ దుమ్మునూ కిందికి లాగే జాలీ బల్ల ఒక సరుకు అవుతుంది. టోపీ మిగలడం వరుస నిండా నంబర్లుంటే, ఎవరి పద్ధతీ పూర్తిగా కుదరలేదని అర్థం. అప్పుడు తీసే యంత్రం కాకుండా, నమూనా తీసుకుని వందలో ఎన్ని కాయలకు టోపీ మిగిలిందో ఫొటోతో లెక్క చెప్పే సేవ ఎగుమతిదారుకు పనికొస్తుంది. ఇంకొకటి బొమ్మల్లోనే కనపడుతుంది: చాలా యంత్రాలు కన్వేయర్ మీద ఆగకుండా వచ్చే సరుకు కోసం గీసినవి. రైతు తెచ్చేది టిక్కీలు (మిరప బస్తాలు), ఒక్కో లాటుది ఒక్కో రకం. లాటు మారినప్పుడల్లా సందు సరిచేసి, డ్రమ్ దులిపి, ఎవరి సరుకు వాళ్ళకు వేరుగా ఇచ్చే కూలి సేవ కోల్డ్ స్టోరేజీ గేటు దగ్గర పెట్టవచ్చు. మూడింటిలో నేనైతే మూడోదానికి ఓటేస్తాను, పెట్టుబడి తక్కువని కాదు, రెండు సీజన్లు తిరిగేసరికి యంత్రం ఎక్కడ మొరాయిస్తుందో అందరికంటే మీకే బాగా తెలుస్తుంది.

అందులోంచి కొత్త మెరుగుదల పుడితే ఎవరికీ చూపించకముందే ప్రొవిజనల్ (తాత్కాలిక) దరఖాస్తు వేయండి, పూర్తి స్పెసిఫికేషన్‌కు (పూర్తి వివరణ పత్రానికి) 12 నెలలు దొరుకుతాయి. ఆంధ్ర, తెలంగాణ వాళ్ళకు చెన్నై పేటెంట్ కార్యాలయం.

అభ్యాసం. ఈసారి కష్టమైనదే. పాత ఇరవైలోంచి పన్నెండు ఉంచండి, వాటిలో కనీసం నాలుగు ఫీజు కట్టక పోయినవి కావాలి. ఒక్కోదానికి రెండో క్లెయిమ్ నుంచి చివరిదాకా ‘అంటే’ అని మొదలుపెట్టి ఇబ్బంది రాయండి. నాలుగు ప్రశ్నల జవాబులు పక్క గడిలో పెట్టండి. పట్టిక గీసి, మూడు ఖాళీ గడులు ఎంచి, ఒక్కోదాన్ని కనీసం ఒక వేరే తరగతిలో వెతికి చూపండి. ఆ తర్వాత యార్డుకో, కోల్డ్ స్టోరేజీకో వెళ్ళి, తొడిమలు తీసేవాళ్ళలో ముగ్గురిని మీ ఎడమవైపు వరుసల గురించి అడగండి. వాళ్ళు చెప్పిన ఇబ్బంది మీ పట్టికలో లేకపోతే ఎర్ర సిరాతో అడుగున రాయండి. ఐదో పాఠం ఆ ఎర్ర వరుసలతోనే మొదలవుతుంది.