యాక్టింగ్ ఇంట్లోనే ప్రాక్టీస్ చేయాలంటే ఎక్కడ మొదలెట్టాలి

ముందు డైలాగులు పక్కన పెట్టి మనుషుల్ని చూడ్డం మొదలెట్టండి. బస్సులోనో క్యూలోనో ఒకర్ని ఎంచుకుని (గుడ్లప్పగించి కాదు సుమా) బరువు ఏ కాలి మీద వేసి నిలబడ్డారు, ఫోన్ మోగితే ముందు చెయ్యి కదిలిందా కళ్ళు కదిలాయా అని గమనించండి. ఇంటికొచ్చాక అదే నడక నడవండి, అద్దం మాత్రం వద్దు, అద్దం ఉంటే ఎలా కనిపిస్తున్నామో అన్న ధ్యాసే తప్ప ఒంట్లో ఏం జరుగుతుందో తెలీదు.

మూవ్‌మెంట్‌కి, డ్యాన్స్ గురువు రుడాల్ఫ్ లాబాన్ పద్ధతి నాకు బాగా ఇష్టం. కదలిక బలంగా ఉందా తేలిగ్గా ఉందా, గబుక్కునా నింపాదిగానా, సూటిగానా చుట్టూ తిరిగా, ఇలా చూసి 8 రకాలుగా విడగొట్టాడాయన. గ్లాసు టేబుల్ మీద పెట్టే పనే తీసుకోండి, బలంగా గబుక్కున సూటిగా పెడితే కోపం, తేలిగ్గా నింపాదిగా పెడితే పక్కన ఎవరో నిద్రపోతున్నారు, లేపకూడదు. ఒక్క మాట లేకుండా సీన్ వచ్చేసింది కదా!

వాయిస్‌కి, వెల్లకిలా పడుకుని పొట్ట మీద చెయ్యి పెట్టి ఊపిరి తీస్కోండి, లేవాల్సింది చెయ్యి, భుజాలు కాదు. తర్వాత పెదాలు మూసి హమ్మింగ్ చేస్తూ మెల్లగా "మా" అని తెరవండి. గొంతు మంట పుడితే ఆపేయండి, అరవడం వేరు వినిపించేలా మాట్లాడ్డం వేరు. ఆఖర్న "సరే, వెళ్ళు" అన్న ముక్కనే బతిమాలుతూ, వెళ్ళగొడుతూ, ఏడుపు దాచుకుంటూ చెప్పి ఫోన్‌లో రికార్డ్ చేసి మర్నాడు వినండి, అప్పటికప్పుడు వింటే అన్నీ బాగున్నట్టే ఉంటాయి.