మీ వీధి పనికి మున్సిపాలిటీ ఎంత ఖర్చు పెట్టింది? సమాచార హక్కు కింద దరఖాస్తు చేసే విధానం

మా వీధిలో కట్టిన మురుగుకాలువ రెండో వానాకాలానికే ఒకచోట కుంగిపోయింది. అప్పుడు మున్సిపాలిటీకి సమాచార హక్కు చట్టం కింద ఒక దరఖాస్తు పెట్టాను. ‘పని ఇంత నాసిరకంగా ఎందుకు చేశారు? దీనికి బాధ్యులెవరు? ప్రజల డబ్బు వృథా కాలేదా?’ అని మూడు ప్రశ్నలు రాశాను. నెల తర్వాత ఒక్క వాక్యంలో జవాబు వచ్చింది: మీరు అడిగినవి చట్టంలో చెప్పిన ‘సమాచారం’ కిందికి రావు.

కోపం వచ్చింది. కానీ చట్టం తెరిచి చూస్తే వాళ్లు చెప్పింది తప్పు కాదు. 2005 నాటి ఈ చట్టంలో సెక్షన్ 2(ఎఫ్) ప్రకారం సమాచారం అంటే ఆఫీసులో అప్పటికే ఏదో ఒక రూపంలో ఉన్నది. ఫైలు, రిజిస్టరు, కాంట్రాక్టు, కంప్యూటర్‌లో ఉన్న లెక్క, ఇలాంటివి. మనం ఎందుకు అని అడిగితే కూర్చుని సంజాయిషీ రాయాల్సిన బాధ్యత వాళ్లకు లేదు. రెండోసారి అదే కాలువ గురించి నాలుగు కాగితాల పేర్లు రాసి, వాటి నకళ్లు కావాలని అడిగాను. నాలుగూ వచ్చాయి.

అందుకే దరఖాస్తు పెట్టబోయే ప్రతివాళ్లకీ నేను ముందు చెప్పేది ఇదే: కాగితం పేరు పెట్టి అడగండి. మిగతా విధానమంతా పదిహేను నిమిషాల్లో నేర్చుకోవచ్చు. ఏ కాగితం అడగాలో తెలుసుకోవడానికే కొంచెం ఓపిక కావాలి.

ముందు ఆ డబ్బు ఎక్కడిదో చూడండి

మున్సిపాలిటీకి సొంతంగా వచ్చే డబ్బు ఉంటుంది. ఇంటి పన్ను, ఖాళీ స్థలాల పన్ను, నీటి చార్జీలు, ఇళ్ల అనుమతుల ఫీజులు, ట్రేడ్ లైసెన్సులు, మున్సిపల్ దుకాణాల అద్దెలు, ఇవన్నీ కలిసి సాధారణ నిధిలో పడతాయి. పారిశుద్ధ్య కార్మికుల జీతాలు, వీధి దీపాల కరెంటు బిల్లులు, చిన్న చిన్న మరమ్మతులు ఎక్కువగా ఇందులోంచే వెళ్తాయి. ఇది కాక రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే గ్రాంట్లు, కేంద్ర ఆర్థిక సంఘం నిధులు, అమృత్, స్వచ్ఛ భారత్ లాంటి పథకాల డబ్బు వస్తాయి. వీటికి షరతులుంటాయి. 2021-26 కాలానికి ఇచ్చిన 15వ ఆర్థిక సంఘం గ్రాంట్లలో కొంత భాగాన్ని తాగునీటికి, పారిశుద్ధ్యానికే వాడాలని షరతు పెట్టారు. తెలంగాణలోనైతే 2019 మున్సిపల్ చట్టం ప్రకారం బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనం కోసం పక్కన పెట్టాలి.

ఇది తెలిస్తే అడగడం తేలికవుతుంది. ‘మా వార్డుకి ఎంత ఖర్చు చేశారు’ అంటే ఏ ఫైలు తీయాలో గుమాస్తాకి అర్థం కాదు. ‘2024-25లో ఫలానా వార్డులో ఆర్థిక సంఘం నిధులతో చేపట్టిన పనుల జాబితా, ఒక్కో పని ఎస్టిమేట్ మొత్తం, చెల్లించిన మొత్తం’ అంటే నేరుగా ఒక రిజిస్టర్ తీస్తాడు. ఏ నిధి అనేది మీకు తెలియకపోయినా ఫరవాలేదు, అదే మొదటి అంశంగా అడగొచ్చు.

ఇంకో చిన్న జాగ్రత్త. వీధి మున్సిపాలిటీ హద్దులో ఉన్నంత మాత్రాన రోడ్డు మున్సిపాలిటీది కానక్కర్లేదు. ఊరి మధ్య నుంచి పోయే పెద్ద రోడ్డు చాలాచోట్ల రోడ్లు భవనాల శాఖది. హైదరాబాద్‌లో తాగునీరు, డ్రైనేజీ పైపులైన్లు జలమండలి చేతిలో ఉంటాయి. పొరపాటున వేరే ఆఫీసుకి ఇచ్చినా దరఖాస్తు చెల్లకుండా పోదు. సెక్షన్ 6(3) ప్రకారం వాళ్లే 5 రోజుల్లోపు అసలు ఆఫీసుకి పంపి మీకు చెప్పాలి. కానీ ఆ తిరుగుడులో రోజులు పోతాయి, కాబట్టి ముందే కనుక్కోవడం మంచిది.

అడగాల్సిన కాగితాలు

ఒక సీసీ రోడ్డు గానీ కాలువ గానీ పుట్టినప్పటి నుంచి బిల్లు చెల్లించేదాకా ఒక వరుసలో కాగితాలు తయారవుతాయి. మొదట ఇంజనీరింగ్ విభాగం ఎస్టిమేట్ వేస్తుంది. ఏ పని, ఎంత పొడవు, ఎంత మందం, ఏ రేటు అన్నీ అందులో ఉంటాయి. తర్వాత పరిపాలనా మంజూరు, సాంకేతిక మంజూరు. ఆపైన టెండరు, ఎంపికైన కాంట్రాక్టరుతో అగ్రిమెంట్, వర్క్ ఆర్డర్. పని జరుగుతుండగా ఎం-బుక్, అంటే కొలతల పుస్తకం. చివర్లో బిల్లులు, చెల్లింపు వోచర్లు, నాణ్యత పరీక్షల రిపోర్టు.

వీటిలో ఒక్కటే అడగాలంటే నేను ఎం-బుక్ అడుగుతాను. జరిగిన పనిని అసిస్టెంట్ ఇంజనీర్ కొలిచి రాసే పుస్తకం అది. పైఅధికారి సరిచూసి సంతకం పెడతారు. ఆ కొలతలను బట్టే కాంట్రాక్టరుకి డబ్బు వెళ్తుంది. మా కాలువ ఎం-బుక్ నకలు నాలుగు పేజీలు వచ్చింది. చేతిరాత, పక్కపక్కనే నిలువు గడులు: ఎన్ని, పొడవు, వెడల్పు, మందం. టేపు తీసుకుని మా అబ్బాయితో కలిసి ఒక ఆదివారం పొద్దున్నే కొలిచాం. పొడవు సరిపోయింది. పైన పరిచిన పలకల మందం దగ్గరికి వస్తే పుస్తకంలో 0.10 మీటర్లు అని ఉంది, అంటే 10 సెంటీమీటర్లు. కుంగినచోట విరిగిన పలక అంచుకి స్కేలు ఆనిస్తే ఏడు కూడా రాలేదు. స్కేలు ఆనించి ఉండగానే ఫొటో తీశాను.

అగ్రిమెంట్ నకలు కూడా అడగమని చెప్పేది ఇందుకే. పని పూర్తయ్యాక ఎంతకాలం వరకు లోపాలను కాంట్రాక్టరే సొంత ఖర్చుతో సరిచేయాలో అందులో రాసి ఉంటుంది. దాన్ని డిఫెక్ట్ లయబిలిటీ పీరియడ్ అంటారు. మా కాలువకి ఆ గడువు ఇంకా మిగిలే ఉంది. ఎం-బుక్ పేజీ, ఫొటో, అగ్రిమెంట్‌లోని ఆ పేరా జతచేసి కమిషనర్‌కి ఫిర్యాదు ఇస్తే పలకలు తీసి కొత్తవి వేశారు. మున్సిపాలిటీ పైసా పెట్టలేదు. అంతకుముందు ఏడాదిపాటు నోటిమాటగా చెప్పినా కదలని పని అది.

పారిశుద్ధ్యం సంగతి కావాలంటే మీ వార్డుకి కేటాయించిన కార్మికుల సంఖ్య, నెలవారీ హాజరు లెక్క, చెత్త బండ్ల డీజిల్ లాగ్‌బుక్ అడగొచ్చు. వీధి దీపాలకైతే నిర్వహణ అగ్రిమెంట్, చెల్లించిన కరెంటు బిల్లులు. పార్కు అయితే నిర్వహణకి కేటాయించినది, ఖర్చు చేసినది. మొత్తం పట్టణం లెక్క కావాలనుకుంటే కౌన్సిల్ ఆమోదించిన బడ్జెట్ కాపీ, వార్షిక లెక్కలు, ఆడిట్ రిపోర్టు. బడ్జెట్ విషయంలో ముందు మున్సిపాలిటీ వెబ్‌సైట్ చూడండి. సెక్షన్ 4(1)(బి) కింద 17 రకాల సమాచారాన్ని ఎవరూ అడక్కుండానే బయటపెట్టాలి, అందులో బడ్జెట్ కేటాయింపులూ ఉన్నాయి.

అడగకూడనివీ ఉన్నాయి. పక్కింటివాళ్ల పన్ను బకాయి, ఫలానా ఉద్యోగి ఆరోగ్య సెలవు లాంటి వ్యక్తిగత వివరాలు సెక్షన్ 8(1)(జె) కింద నిరాకరిస్తారు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం ఈ సెక్షన్‌ని ఇంకా బిగించింది. ఇలాంటివాటిని పని కాగితాలతో కలిపి రాస్తే మొత్తం దరఖాస్తు చిక్కుల్లో పడుతుంది. విడిగా ఉంచండి.

దరఖాస్తు ఇలా రాయండి

ప్రత్యేక ఫారం ఏదీ అవసరం లేదు. తెల్లకాగితం మీద తెలుగులో చేత్తో రాసినా చాలు. ఎందుకు కావాలో కారణం చెప్పనక్కర్లేదు, సెక్షన్ 6(2) ఆ మాట స్పష్టంగా చెబుతోంది. ఎవరైనా ‘నీకెందుకు ఇవన్నీ’ అంటే ఆ సెక్షన్ నంబరు చెప్పండి. రాయలేనివారు నోటితో చెబితే దాన్ని రాతలో పెట్టడానికి పౌర సమాచార అధికారి (ఆఫీసులో ఈ దరఖాస్తులు తీసుకుని జవాబిచ్చే అధికారి) సాయం చేయాలి.

ఇది నేను వాడే నమూనా:

పౌర సమాచార అధికారి గారికి,
…… మున్సిపాలిటీ కార్యాలయం.
విషయం: సమాచార హక్కు చట్టం 2005, సెక్షన్ 6(1) కింద దరఖాస్తు.
అయ్యా/అమ్మా,
…… వార్డులోని …… వీధిలో, …… ఇంటి నుంచి …… ఇంటి వరకు …… సంవత్సరంలో నిర్మించిన మురుగుకాలువ పనికి సంబంధించి కింది పత్రాల ధ్రువీకరించిన నకళ్లు ఇవ్వగలరు:
1. ఎస్టిమేట్, మంజూరు ఉత్తర్వులు, నిధులు ఏ పద్దు నుంచి వచ్చాయో తెలిపే పత్రం.
2. కాంట్రాక్టరుతో చేసుకున్న అగ్రిమెంట్, వర్క్ ఆర్డర్.
3. ఎం-బుక్‌లో ఈ పనికి సంబంధించిన పేజీలు.
4. చెల్లించిన బిల్లులు, నాణ్యత పరీక్షల రిపోర్టు.
దరఖాస్తు ఫీజు రూ. 10 జతచేశాను. నేను భారత పౌరుడిని/పౌరురాలిని.
పేరు, చిరునామా, తేదీ, సంతకం.

వీధి పేరుతో పాటు ఏ ఇంటి నుంచి ఏ ఇంటి వరకో రాయడం మర్చిపోకండి. ఒకే వీధిలో మూడు పనులు మూడు ఫైళ్లలో ఉండొచ్చు. ‘పదేళ్ల నుంచి అన్ని పనుల వివరాలు’ అని అడిగితే సిబ్బంది సమయమంతా దీనికే పోతుందని సెక్షన్ 7(9) చూపించి, నకళ్లు ఇవ్వకుండా ఆఫీసుకి వచ్చి చూసుకోమంటారు. ఒక దరఖాస్తులో ఒక పని, లేదా ఒక ఏడాది లెక్క. అంతకు మించితే ఇంకో దరఖాస్తు పెట్టండి.

ఫీజు, ఇచ్చే పద్ధతి

రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ మున్సిపాలిటీకి దరఖాస్తు ఫీజు రూ. 10. నగదుగా కడితే రశీదు తీసుకోండి. పోస్టులో పంపితే పోస్టల్ ఆర్డర్ తేలిక. ఎవరి పేరున తీయాలో ముందు ఆఫీసులో అడగండి, పేరు తప్పయితే తిప్పి పంపే అవకాశం ఉంది. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారు రుజువు జతచేస్తే దరఖాస్తు ఫీజూ ఉండదు, నకళ్ల ఖర్చూ ఉండదు.

పౌర సమాచార అధికారి ఎవరో, మొదటి అప్పీలు అధికారి ఎవరో ఆఫీసు గోడ మీద బోర్డు ఉండాలి. స్వయంగా ఇస్తే మీ దగ్గరున్న కాపీ మీద తేదీ ముద్ర వేయించుకోండి. ఆ ముద్ర లేకపోతే తర్వాత గడువు లెక్కపెట్టడం కష్టం. ఇన్‌వార్డ్ గుమాస్తా లేడు, రేపు రమ్మంటే టెన్షన్ పడొద్దు, స్పీడ్ పోస్టులో పంపి రశీదు దాచుకోండి. కేంద్ర ప్రభుత్వ ఆర్టీఐ (సమాచార హక్కు) ఆన్‌లైన్ పోర్టల్ కేంద్ర శాఖల కోసమే. మున్సిపాలిటీ దరఖాస్తు అందులో వేస్తే వెనక్కి వస్తుంది, కట్టిన ఫీజు తిరిగి రాదు.

30 రోజుల్లో ఏం జరుగుతుంది

దరఖాస్తు అందిన రోజు నుంచి 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. మధ్యలో ‘ఇన్ని పేజీలున్నాయి, ఇంత కట్టండి’ అని ఉత్తరం రావొచ్చు. ఏ4 పేజీకి రూ. 2. ఎన్ని పేజీలకు ఎంత అనే లెక్క ఆ ఉత్తరంలో చూపించాలి. ఆ ఉత్తరం పంపినప్పటి నుంచి మీరు డబ్బు కట్టేదాకా రోజులు 30లో కలవవు, కాబట్టి వెంటనే కట్టేయండి. 30 రోజులు దాటాక ఇస్తే మాత్రం సెక్షన్ 7(6) ప్రకారం సమాచారం ఉచితంగా ఇవ్వాలి.

కాగితాలు చాలా ఎక్కువైతే నకళ్ల బదులు ఫైలు పరిశీలన అడగండి. మొదటి గంట ఉచితం. ఫైలు ముందు పెట్టుకుని నోట్స్ రాసుకుని, కావాల్సిన పేజీలకే జిరాక్స్ అడగొచ్చు. సెక్షన్ 2(జె) కింద పని జరిగినచోటే పరిశీలన కోరే హక్కు, వాడిన సామగ్రి నమూనాలు ధ్రువీకరణతో తీసుకునే హక్కు కూడా ఉన్నాయి. రోడ్డు పనుల్లో ఇది చాలా పనికొస్తుంది, అయినా ఎక్కువమంది వాడుకోవడం లేదు.

జవాబు రాకపోతే

గడువు దాటినా, జవాబు అసంపూర్తిగా ఉన్నా, నిరాకరించినా 30 రోజుల్లోపు అదే కార్యాలయంలోని మొదటి అప్పీలు అధికారికి సెక్షన్ 19(1) కింద అప్పీలు పెట్టాలి. దీనికి ఫీజు లేదు. మీ దరఖాస్తు కాపీ, రశీదు, వచ్చిన జవాబు జతచేసి, ఏ అంశానికి సమాచారం రాలేదో నంబరు వేసి రాయండి. ఆయన 30 రోజుల్లో, కారణాలు రాసి పెడితే గరిష్ఠంగా 45 రోజుల్లో తేల్చాలి. చాలా దరఖాస్తులు ఇక్కడే కదులుతాయి. నా అనుభవంలో అప్పీలు అందిన వారంలోనే కాగితాలు సిద్ధమయ్యాయని ఫోన్ వచ్చిన సందర్భాలున్నాయి.

అక్కడా కాకపోతే 90 రోజుల్లోపు రాష్ట్ర సమాచార కమిషన్‌కి రెండో అప్పీలు. సరైన కారణం లేకుండా ఆలస్యం చేసిన అధికారికి కమిషన్ రోజుకి రూ. 250 చొప్పున రూ. 25,000 దాకా జరిమానా వేయొచ్చు. అది ఆయన సొంత డబ్బులోంచి కట్టాలి, మున్సిపల్ ఖజానా నుంచి కాదు. విచారణకి లాయర్ అవసరం లేదు. కమిషన్‌లో కేసులు ఎక్కువ కాబట్టి తేదీ రావడానికి నెలలు పట్టొచ్చు. ఈలోగా దరఖాస్తు, రశీదు, ముద్ర వేసిన కాపీ, మొదటి అప్పీలు, వచ్చిన ప్రతి ఉత్తరం కవరుతో సహా తేదీల వరుసలో ఒక ఫైలులో పెట్టుకోండి. కవర్లు పారేయకండి. ఉత్తరం మీద ఒక తేదీ వేసి మూడు వారాల తర్వాత పోస్టు చేస్తే, ఆ సంగతి కవరు మీది పోస్టల్ ముద్రే చెబుతుంది.