మిల్లు బూడిద మీద ఫిర్యాదు: తనిఖీలో నిలబడేలా రాయడం ఎలా

మిర్యాలగూడ చుట్టుపక్కల బాయిల్డ్ రైస్ మిల్లుల్లో బాయిలర్‌కు ఊకే ఇంధనం. కాలిన ఊకలో సుమారు ఐదో వంతు బూడిదగా మిగులుతుంది, అందులో ఎక్కువ భాగం సిలికా. పొగను సుడి తిప్పి బూడిదను వేరుచేసే యంత్రం, అంటే సైక్లోన్, ముతక బూడిదను పట్టి సన్నదాన్ని వదిలేస్తుంది. ఊపిరితిత్తుల్లో దిగేది ఆ సన్నదే.

"పొగ వస్తోంది, చర్య తీసుకోండి" అని రాస్తే సరిపోదు. తెల్లవారుజామున బూడిద పడితే, తనిఖీ పగలు జరుగుతుంది. అప్పటికి పొగగొట్టం శుభ్రంగా ఉంటుంది. అందుకే గంట, గాలి ఎటునుంచి వీస్తోంది, బూడిద ఎక్కడినుంచి లేస్తోంది, ఈ మూడూ వారం పాటు రాసిపెట్టండి.

ముందు బూడిద పట్టండి. రెండు వెడల్పాటి స్టీలు గిన్నెల్లో అంగుళం లోతు నీళ్లు పోయండి. ఒకటి మీ డాబా మీద, రెండోది పోల్చి చూడటానికి మిల్లుకు అవతల, బూడిద పోని వైపు ఇంటి డాబా మీద, పిట్టగోడకు దూరంగా 24 గంటలు ఉంచండి. పొడి పళ్లెం వద్దు, పడ్డది మళ్లీ గాలికి లేచిపోతుంది. నీళ్లు తెల్లగుడ్డలో వడగట్టి ఆరబెట్టండి. ఊక బూడిదైతే నల్లటి తేలిక రేకులు, కొన్ని వడ్ల పొట్టు ఆకారం చెడకుండానే కనిపిస్తాయి. వేళ్లతో నలిపితే గరగరలాడతాయి. రోడ్డు దుమ్ము మట్టిరంగులో అడుక్కి చేరుతుంది. ఇది ల్యాబు రుజువు కాదు, కానీ పరికరంతో కొలవమని అడగడానికి బలమైన ఆధారం.

బూడిద ఎక్కడినుంచి లేస్తోందో రాసేటప్పుడు ఇవి గమనించండి. సైక్లోన్ కింది తొట్టి నిండినా, అక్కడ గాలి లీకైనా పట్టిన బూడిద తిరిగి గొట్టంలోకే పోతుంది. తడి ఊక వేస్తే పొగ చిక్కబడుతుంది. టార్పాలిన్ కప్పని బూడిద ట్రాక్టర్లనూ ఫొటో తీయండి.

ఇంటి దగ్గరే కుట్టుపని, మగ్గం, బీడీలు చేసేవాళ్లు రోజంతా ఆ గాలే పీలుస్తారు. పీహెచ్‌సీ ఓపీ చీటీలో దగ్గు ఎన్నాళ్లనుంచో, చేసే పని, వంట కట్టెల మీదా గ్యాస్ మీదా అన్నదీ రాయించండి. లేకపోతే "మీ పొయ్యి పొగే" అని తోసేయడం సులువు.

ఫిర్యాదు నల్లగొండలోని కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయానికి ఇవ్వండి. బూడిద పడే గంటల్లోనే తనిఖీ చేయమని స్పష్టంగా కోరండి. కాపీ సోమవారం కలెక్టరేట్ ప్రజావాణిలో ఇచ్చి రశీదు తీసుకోండి. దాంతోపాటే 10 రూపాయల పోస్టల్ ఆర్డర్‌తో మండలికి సమాచార హక్కు దరఖాస్తు పెట్టి మిల్లు నడపడానికి ఇచ్చిన అనుమతి పత్రం, గొట్టం ఉద్గారాల తాజా నివేదిక అడగండి; జవాబుకు గడువు 30 రోజులు. అనుమతిలో రాసిన కాలుష్య నియంత్రణ యంత్రం అక్కడ లేకపోతే మీ పని సగం అయినట్టే.

కదలిక లేకపోతే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 152 కింద, జనానికి ఇబ్బంది కలిగించేదాన్ని తొలగించేలా ఆదేశించమని ఆర్డీవోకు దరఖాస్తు చేయొచ్చు. 1981 గాలి చట్టం కింద నేరుగా కోర్టుకు వెళ్లాలంటే 60 రోజుల ముందు నోటీసు తప్పనిసరి. పర్యావరణ కేసులు వినే జాతీయ హరిత ట్రైబ్యునల్‌లో వివాదం వేయాలంటే సమస్య మొదలైన నాటినుంచి 6 నెలల్లోపే వేయాలి. కాబట్టి మొదటి తేదీ రాసిపెట్టుకోవడం మరవకండి.