ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలతో కథ రాయించడం ఎలా?

"మీకు నచ్చిన కథ రాయండి" అని బోర్డు మీద రాస్తే, ఏడో తరగతిలో చాలామంది "అనగనగా ఒక ఊళ్ళో రామయ్య అనే రైతు ఉండేవాడు" అని మొదలుపెడతారు. అర పేజీలో రామయ్యకు బుద్ధొస్తుంది. కింద "నీతి" అని రాసి గీత గీసేస్తారు. ఊహ లేక ఇలా రాయరు, కథంటే ఇలాగే ఉండాలని అలవాటైపోయింది. తెలుగు పాఠ్యపుస్తకంలో 'సృజనాత్మకత' కింద కథ రాయమని అడుగుతారు. ఎలా రాయాలో నేర్పే పని మాత్రం టీచర్ మీదే పడుతుంది. ఒక నాలుగు పీరియడ్లు దీనికి కేటాయించండి.

1. మొదటి పీరియడ్‌లో పెన్ను పట్టనివ్వకండి

"మీ ఇంట్లో ఈమధ్య ఏ వస్తువు పోయింది? ఎవరు వెతికారు? ఎవరి మీద అనుమానపడ్డారు?" అని అడగండి. ఎప్పుడూ నోరు విప్పని పిల్లలు కూడా చెయ్యెత్తుతారు. అలా చెప్పేదంతా కథేనని వాళ్ళకు అక్కడే చెప్పండి.

2. కోరిక, దానికో అడ్డంకి

అసలు పని ఇక్కడే ఉంది, తొందరపడకండి. బోర్డు మీద మూడు ప్రశ్నలు రాయండి: ఎవరు? ఏం కావాలి? ఎందుకు దొరకడం లేదు?

ఉదాహరణకు, ఎనిమిదో తరగతి శైలజకు స్కూల్ కబడ్డీ టీమ్‌లో ఆడాలని ఉంది. ప్రాక్టీస్ స్కూలు వదిలాక. వాళ్ళ ఊరికి ఆఖరి బస్సేమో నాలుగున్నరకే వెళ్ళిపోతుంది. అడ్డంకి అంటే రాక్షసుడో దొంగో అక్కర్లేదు, ఈ బస్సు చాలు. ఇప్పుడు శైలజ ఏం చేస్తుంది? సైకిల్ అడుగుతుందా, స్నేహితురాలి ఇంట్లో ఉండిపోతుందా, ఇంట్లో అబద్ధం చెబుతుందా? క్లాసులో వాదన జరగనివ్వండి. "హెడ్మాస్టర్ గారు ఆటో పెట్టించారు" అని ఎవరైనా అంటే, "మరి శైలజ ఏం చేసింది?" అని మళ్ళీ అడగండి. చిక్కుముడి విప్పాల్సింది ఆ పిల్లే.

3. మొదటి వాక్యం

గురజాడ 1910లో వచ్చిన 'దిద్దుబాటు' కథను "తలుపు! తలుపు!" అనే పిలుపుతో మొదలుపెట్టారు. ఊరు, పేరు, వయసు ఏమీ చెప్పకుండానే మనల్ని గుమ్మం ముందు నిలబెట్టారు. ఇది చెప్పి, ఎవరి కథను వాళ్ళు ఒక మాటతోనో ఒక చప్పుడుతోనో మొదలుపెట్టమనండి.

4. "చాలా బాధపడింది" అని రాస్తే ఆపండి

బాధపడిందని మనకెలా తెలిసింది? చేతులు ఏం చేశాయి, కళ్ళు ఎటు చూశాయి అని అడగండి. అప్పుడు ఆ వాక్యం ఇలా మారుతుంది: "బస్సు కదిలినా శైలజ గ్రౌండ్ వైపే చూస్తోంది. కండక్టర్ రెండుసార్లు అడిగితే గానీ ఆధార్ కార్డు తీయలేదు." ఈ రెండు వాక్యాలను, పాత వాక్యాన్ని పక్కపక్కన బోర్డు మీద రాసి చదివించండి. తేడా ఏమిటో పిల్లలే చెప్తారు.

5. మాటలు ఇంట్లో మాట్లాడినట్టే

పాత్రలు "నీవు ఎచటికి వెళ్ళుచున్నావు" అంటే కథ చచ్చిపోతుంది. "యాడికి పోతాండావ్", "ఎటు పోతున్నవ్", ఏ ప్రాంతం పిల్లలు ఆ యాసలోనే రాయనివ్వండి. లంబాడీ, ఉర్దూ మాట్లాడే ఇళ్ళ పిల్లలు తమ మాటలు నాలుగు కలిపినా కొట్టేయకండి. వాళ్ళమ్మ మాట కథలోకి రావడం తప్పెందుకవుతుంది?

6. ఎర్ర పెన్ను చివర్లో

మొదటి ప్రతిలో ఒత్తులు, దీర్ఘాలు దిద్దడం మొదలుపెడితే, మరుసటిసారి ఆ పిల్లలు తప్పు రాదనుకున్న మాటలే రాస్తారు. కథ చిక్కిపోతుంది. దిద్దే బదులు నచ్చిన వాక్యం కింద గీత గీసి, పక్కన ఒకే ఒక ప్రశ్న రాయండి: "అప్పుడు వాళ్ళ నాన్న ఏమన్నాడు?" అలాంటిది. తర్వాత కథను పక్కవాళ్ళకు పైకి చదివి వినిపించమనండి. ఎక్కడ తడబడితే అక్కడ వాళ్ళే మార్చుకుంటారు. అక్షరదోషాలు రెండో ప్రతిలో చూడొచ్చు.

నీతి రాయమని అడగొద్దు. ఎఫ్.ఏ. (ఏడాది మధ్యమధ్యలో జరిగే ఫార్మేటివ్ అసెస్‌మెంట్) మార్కుల టెన్షన్ ఉంటే, కోరిక, అడ్డంకి, సంభాషణలు ఉన్నాయో లేదో చూసి మార్కులు వేస్తామని ముందే చెప్పండి.

పూర్తయిన కథలన్నీ కుట్టి, అట్ట వేసి, రాసినవాళ్ళ పేర్లతో స్కూల్ లైబ్రరీ రిజిస్టర్లో ఎక్కించండి. మిగతా పుస్తకాల్లాగే ఎవరైనా సంతకం పెట్టి ఇంటికి తీసుకెళ్ళేలా ఉండాలి.