కిట్ కారు వెనుక సస్పెన్షన్, బ్రేకులు: లక్షణం నుంచి లోపం దాకా

విడిభాగాల సెట్టుగా కొని ఇంట్లో బిగించుకున్న కిట్ కారు తొలిసారి తన చక్రాల మీద నిలబడ్డాక వెనుక భాగంలో బయటపడే ఇబ్బందుల్లో చాలావాటికి కారణం చెడిపోయిన భాగం కాదు. ఆ భాగాన్ని బిగించినప్పుడు కారు ఏ స్థితిలో ఉందన్నదే. చాసిస్‌ను (కారు చట్రాన్ని) స్టాండుల మీద ఎత్తిపెట్టి, చక్రాలు గాలిలో వేలాడుతుండగా పని చేస్తాం కాబట్టి, ఆ స్థితిలో చక్కగా కుదిరినట్టు కనిపించిన బుష్ (కీలు దగ్గరి మెత్తని గొట్టం), హోస్ (వంగే బ్రేక్ గొట్టం), హ్యాండ్ బ్రేక్ కేబుల్ బరువు పడగానే మరో కోణంలోకి వెళ్లిపోతాయి. అందువల్ల ఏ లోపాన్నైనా వెతికే ముందు కారును దాని అసలు ఎత్తుకు తీసుకురావాలి. టైర్లలో గాలి సరిచూసి, నడిపేవారి బరువుకు సమానమైన బరువును సీటులో పెట్టి, ట్యాంకులో సగం దాకా ఇంధనం ఉంచి, చదునైన నేల మీద కారును ముందుకూ వెనక్కూ కొద్దిగా దొర్లించాక హబ్ (చక్రం బిగించే నడిమి భాగం) మధ్య నుంచి చక్రం పైనున్న బాడీ అంచు దాకా కొలత తీసి రాసుకోవాలి. తర్వాత కారును మళ్లీ ఎత్తవలసి వచ్చినా, హబ్ కింద జాకీ పెట్టి అదే కొలతకు తేవచ్చు. అయితే ఆ జాకీ కొలత కోసమే; మనిషి కిందికి దూరే ముందు చాసిస్ బరువు స్టాండుల మీద ఉండి తీరాలి.

వెనుక భాగం ఎత్తుగా నిలిచి, ఎంత నొక్కినా దిగడం లేదు

చాలామంది వెంటనే స్ప్రింగ్ గట్టిదని తేల్చేసి, షాక్ అబ్జార్బర్ మీద స్ప్రింగ్ ఆనే కాలర్‌ను కిందికి తిప్పుతారు. కాలర్ తిప్పితే మారేది కారు ఎత్తే గానీ స్ప్రింగ్ గట్టిదనం కాదు. పైగా అసలు లోపం ఆ మార్పు వెనుక దాక్కుంటుంది. ముందుగా అనుమానించవలసింది రబ్బరు బుష్‌లను. ఈ రకం బుష్‌లో రబ్బరు లోపలి గొట్టానికీ బయటి గొట్టానికీ అతుక్కుని ఉంటుంది. బోల్టు బిగించగానే లోపలి గొట్టం బ్రాకెట్‌తో ఒకటైపోతుంది; ఆర్మ్ (చక్రాన్ని చాసిస్‌కు కలిపే కడ్డీ) పైకీ కిందికీ కదలడమంటే రబ్బరు మెలిపడటమే. చక్రం వేలాడుతుండగా బోల్టును పూర్తిగా బిగిస్తే, కారు నేల మీదికి దిగిన క్షణం నుంచీ రబ్బరు పిండిన తడిగుడ్డలా మెలితిరిగి ఉండి, ఆర్మ్‌ను కిందికి నెడుతూనే ఉంటుంది. కారు ఎత్తుగా కనిపించేది అందుకే. కొంతకాలానికి ఆ బుష్ అంచున చీలడమూ అందుకే.

పరిష్కారానికి డబ్బు అక్కర్లేదు. ఆర్మ్‌ల ఇరుసు బోల్టులన్నింటినీ వదులు చేసి, కారును నేల మీద దొర్లించి, వెనుక భాగాన్ని నాలుగైదుసార్లు నొక్కి వదిలి, ఆ ఎత్తులోనే టార్క్ రెంచ్‌తో (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే స్పానర్‌తో) బిగించాలి. స్పానర్ అందకపోతే నాలుగు చక్రాలనూ ఒకే మందం గల గట్టి దిమ్మెల మీద నిలపవచ్చు.

పాలీయురేథేన్ బుష్‌ల సంగతి వేరు. అవి మధ్యనున్న లోహపు గొట్టం చుట్టూ తిరుగుతాయి కాబట్టి ఏ ఎత్తులో బిగించినా మెలిపడవు. కానీ ఆ గొట్టం బుష్ కన్నా కొద్దిగా పొడవుండాలి. లేకపోతే బ్రాకెట్ చెవులు గొట్టాన్ని కాక బుష్‌నే నొక్కి పట్టుకుంటాయి. షాక్ అబ్జార్బర్‌ను విప్పి ఆర్మ్‌ను చేత్తో ఎత్తి చూడండి. కొంచెం బిగువుగానైనా నునుపుగా కదిలితే సరే. ఎత్తిన చోటే కదలకుండా నిలిచిపోతే బుష్ పక్క అంచులను కొద్దిగా అరగదీసి, తయారీదారు సూచించిన గ్రీజు రాసి మళ్లీ బిగించాలి.

యాక్సిలరేటర్ తొక్కినప్పుడూ వదిలినప్పుడూ ‘టక్’మనే శబ్దం

కొత్త కారులో ఈ శబ్దానికి నా దృష్టిలో మొదటి ముద్దాయి పౌడర్ కోటింగ్, అంటే పొడి చల్లి వేడితో గట్టిపరిచే పూత. బ్రాకెట్ ముఖాల మీదా బోల్టు తల కిందా ఆ పూత మందంగా ఉంటే, బిగింపు ఒత్తిడికి అది నెమ్మదిగా పక్కకు జారిపోతుంది. పూత పలచబడినంత మేర బోల్టు పట్టు తగ్గుతుంది. టార్క్ రెంచ్ ఆ రోజు చెప్పింది నిజమే, వారం తర్వాత అది నిజం కాదు. బోల్టు తీసి చూస్తే వాషర్ ఆనిన చోట నెలవంక ఆకారంలో మెరిసే లోహం కనిపిస్తుంది. కదలిక జరుగుతున్నది అక్కడే. ఆనే ముఖాల మీది పూతను లోహం కనిపించేదాకా గీకి, తుప్పు పట్టకుండా పలచగా గ్రీజు పూసి, కొత్త నైలాక్ నట్టుతో (లోపలి నైలాన్ వలయం వల్ల తనంతట వదులుకాని నట్టుతో) బిగించాలి. ఒకసారి విప్పిన నైలాక్ నట్టును సస్పెన్షన్‌లో తిరిగి వాడకూడదు.

అదే సమయంలో బోల్టు పొడవునూ గమనించాలి. బ్రాకెట్ చెవి రంధ్రంలో ఉండవలసింది బోల్టు నున్నటి కాడ. మొత్తం మరలే ఉన్న బోల్టు వాడితే, మరల అంచులు రంధ్రాన్ని ఆకురాయిలా కోసి కోడిగుడ్డు ఆకారానికి తెస్తాయి. అలా సాగిన రంధ్రానికి బిగింపు మందు కాదు. అక్కడ కొత్త లోహం వెల్డింగ్ చేసి మళ్లీ రంధ్రం తొలవాలి.

శబ్దం ఎక్కడిదో తెలియకపోతే, ఇంజిన్ ఆపి, ఒకరు కారును ముందుకూ వెనక్కూ ఊపుతుండగా మరొకరు ఆర్మ్‌నూ బ్రాకెట్‌నూ కలిపి తాకేలా వేలు ఆనించి చూడాలి. కంటికి ఆనని కదలిక వేలికి తెలుస్తుంది. వేలును నలిగే సందులో మాత్రం పెట్టవద్దు. రాడ్ ఎండ్‌ల (కడ్డీ చివరి గోళపు కీళ్ల) లాక్ నట్లలో, డిఫరెన్షియల్ (ఇంజిన్ శక్తిని రెండు చక్రాలకూ పంచే పెట్టె) మౌంటింగుల్లో ఉన్న వదులు కూడా ఇదే పద్ధతిలో దొరుకుతుంది.

కారు తిన్నగా పోవడం లేదు, లేదా వేగంలో వణుకుతోంది

ముందు ఇరుసుకూ వెనుక ఇరుసుకూ మధ్య దూరాన్ని రెండు వైపులా కొలిచి, తేడా ఉంటే ట్రెయిలింగ్ లింకుల (ఇరుసును ముందుకూ వెనక్కూ కదలకుండా పట్టే కడ్డీల) పొడవుతో సరిచేయాలి. లైవ్ యాక్సిల్‌కు (రెండు వెనుక చక్రాలనూ కలిపే ఒకే ఇరుసుకు) పాన్‌హార్డ్ రాడ్ (దాన్ని పక్కకు కదలకుండా పట్టే కడ్డీ) ఉంటే, కారు అసలు ఎత్తులో ఉన్నప్పుడు అది దాదాపు అడ్డంగా, సమతలంగా ఉండాలి. యాక్సిల్‌ను మధ్యకు తేవడం ఆ ఎత్తులోనే చేయాలి, ఎందుకంటే రాడ్ వృత్తాకారంలో కదులుతూ యాక్సిల్‌ను పక్కకు లాగుతుంది. స్వతంత్ర సస్పెన్షన్ (ఒక్కో చక్రం విడిగా కదిలేది) అయితే కారు పక్కన దారం కట్టి వెనుక చక్రాల టో (పైనుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగిన కోణం) చూడాలి. చక్రాల ముందు అంచులు బయటికి విచ్చుకుని ఉంటే మలుపులో వెనుక భాగం జారిపోవడానికి సిద్ధంగా ఉన్నట్టే. కొద్దిగా లోపలికి ఉండటం మేలు. వేగంతో పాటు పెరిగే వణుకుకు ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేర్‌బాక్సు నుంచి వెనుకకు శక్తిని చేర్చే కడ్డీ) రెండు చివరల కోణాలు సమానంగా లేకపోవడం ఒక సాధారణ కారణం. ఆ కోణాలనూ బరువు పడిన స్థితిలోనే కొలవాలి.

బ్రేక్ పెడల్ మెత్తగా ఉంది, లేదా చాలా లోతుకు పోతోంది

ఈ రెండూ వేర్వేరు రోగాలు. కలగలిపితే లీటర్ల కొద్దీ బ్రేక్ ఆయిల్ వృథా అవుతుంది. పెడల్‌ను వరుసగా రెండు మూడుసార్లు తొక్కండి. పైకి వచ్చి రాయిలా గట్టిపడితే గాలి లేదు. ప్యాడ్‌కూ డిస్క్‌కూ, లేదా షూకూ డ్రమ్‌కూ మధ్య సందు ఎక్కువగా ఉంది. పైకి వచ్చినా స్ప్రింగులా మెత్తగానే ఉంటే లైన్లలో గాలి ఉంది. కాలు అలాగే ఉంచితే మెల్లగా కిందికి దిగిపోతుంటే లీకేజీ ఉంది, లేదా మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కుడును ఆయిల్ ఒత్తిడిగా మార్చే భాగం) లోపలి సీలు పోయింది. ఈ మూడోది తేలేదాకా కారును కదపకూడదు.

ఎంత బ్లీడింగ్ (ఆయిల్‌తో పాటు గాలిని బయటికి తీయడం) చేసినా గాలి పోకపోతే, క్యాలిపర్ (ప్యాడ్లను డిస్క్‌కు నొక్కే భాగం) మీది బ్లీడర్ నిపుల్ (గాలి తీసే చిన్న మొన) ఎటు ఉందో చూడండి. ఎడమ క్యాలిపర్ కుడివైపుకూ, కుడిది ఎడమవైపుకూ మారితే బోల్టులు చక్కగానే పడతాయి, ప్యాడ్లూ సరిపోతాయి, కానీ నిపుల్ అడుగుకు పోతుంది. గాలి బుడగ పైకే చేరుతుంది కాబట్టి సిలిండర్ పైభాగంలో అది హాయిగా కూర్చుంటుంది, నిపుల్ నుంచి మాత్రం బుడగ లేని ఆయిల్ వస్తూ పని అయిపోయిందని నమ్మిస్తుంది. క్యాలిపర్లను అటూ ఇటూ మార్చడమే సరైన మార్గం. క్యాలిపర్‌ను వేరే చోట బిగించే కిట్‌లలో ఎటు పెట్టినా నిపుల్ పైకి రాకపోవచ్చు. అప్పుడు దాన్ని విప్పి, ప్యాడ్ల మధ్య డిస్క్ మందం ఉన్న దిమ్మె పెట్టి, నిపుల్ అన్నింటికన్నా పైకి ఉండేలా పట్టుకుని గాలి తీయాలి. పైపు ఎక్కడైనా వంపు తిరిగి పైకి లేచి దిగుతుంటే అక్కడా బుడగ నిలుస్తుంది.

సందు ఎక్కువైన రోగానికి మూలం తరచూ హ్యాండ్ బ్రేక్‌లో ఉంటుంది. తనంతట తాను సర్దుకునే వెనుక క్యాలిపర్‌లో, హ్యాండ్ బ్రేక్ వదిలినప్పుడు దాని లీవర్ వెనక్కి వచ్చి తన ఆనికకు తగలాలి. కేబుల్ బిగువుగా ఉంటే లీవర్ సగంలోనే ఆగిపోయి, లోపలి సర్దుబాటు మర పనిచేయదు. కేబుల్‌ను పూర్తిగా వదులు చేసి, పెడల్‌ను అది పైకి వచ్చేదాకా తొక్కి, ఆ తర్వాతే కేబుల్ బిగించాలి. అదీ కారు బరువు చక్రాల మీద ఉండగా, ఎందుకంటే చాలా కిట్‌లలో చక్రం వేలాడినప్పుడు కేబుల్ బిగువు మారుతుంది. హ్యాండ్ బ్రేక్ పట్టడం లేదన్న ఫిర్యాదుకూ ఇదే వరుస.

జాయింట్ల దగ్గర తడి కనిపిస్తే బలంగా బిగించే ముందు మరలను పోల్చి చూడాలి. ఎం10×1 మెట్రిక్ (మిల్లీమీటర్ల కొలత) నట్టు, 3/8 అంగుళాల యూఎన్ఎఫ్ (అంగుళాల కొలత) మర ఒకదానిలో ఒకటి కొన్ని చుట్లు ఎక్కుతాయి, కానీ ఒత్తిడికి నిలబడవు. పైపు చివరి ఫ్లేర్ (విచ్చుకున్న అంచు) ఆకారం కూడా అది కూర్చునే చోటుకు తగినదై ఉండాలి.

చల్లగా ఉన్నప్పుడు గట్టిగా ఉన్న పెడల్ వేడెక్కాక మెత్తబడితే ఆయిల్ తేమ పీల్చుకుందని అర్థం. బ్రేక్ ఆయిల్‌కు ఉన్న డాట్ 4 ప్రమాణం ప్రకారం కొత్త ఆయిల్ మరిగే ఉష్ణోగ్రత కనీసం 230 డిగ్రీల సెల్సియస్, తేమ పట్టినదానికి కనీసం 155 డిగ్రీలు మాత్రమే. కారు కట్టడం ఏళ్ల తరబడి సాగితే, మొదట్లో తెరిచిన డబ్బాలో మిగిలినదాన్ని వాడవద్దు. సిలికాన్‌తో చేసిన డాట్ 5ను మిగతావాటితో కలపకూడదు.

బ్రేక్ వదలడం లేదు, వెనుక చక్రం కాలుతోంది

చక్రం పట్టుకున్న సమయంలోనే నిపుల్‌ను కొద్దిగా తెరవండి. ఆయిల్ చిమ్మి చక్రం వదులైతే లైనులో ఒత్తిడి చిక్కుకుంది. వదలకపోతే లోపం కేబుల్‌లోనో, ప్యాడ్ జారే చోటనో, షూ స్ప్రింగుల్లోనో ఉంది. ఒత్తిడి చిక్కుకున్నట్టయితే, అది మళ్లీ పట్టుకున్నప్పుడు మాస్టర్ సిలిండర్ దగ్గరి పైపు నట్టును వదులు చేసి చూడాలి. అక్కడ వదిలితే పుష్ రాడ్‌కు (పెడల్ నుంచి పిస్టన్‌ను నెట్టే కడ్డీకి) ఖాళీ లేదు: పెడల్ పూర్తిగా పైకి రాక, పిస్టన్ సిలిండర్ లోపలి చిన్న రంధ్రాన్ని మూసే ఉంచుతోంది; వేడికి వ్యాకోచించిన ఆయిల్ వెనక్కి పోలేక బ్రేకును ఇంకా బిగిస్తుంది. పుష్ రాడ్ పొడవు తగ్గించి కొద్దిపాటి ఖాళీ ఇవ్వాలి. అక్కడ తెరిచినా వదలకపోతే హోస్ మెలిపడిందేమో, పాతదైతే లోపల ఉబ్బి మూసుకుందేమో చూడాలి.

గట్టిగా బ్రేక్ వేస్తే వెనుక చక్రాలు ముందే ఆగిపోతున్నాయి

దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. వెనుక చక్రాలు ముందుగా లాక్ అయితే కారు గిర్రున తిరుగుతుంది. భాగాలు తీసుకున్న పాత కారు కన్నా కిట్ కారు బాగా తేలిక కావడం, బరువు పంపకం మారడం దీనికి మూలం. పాత కారులో బరువును బట్టి వెనుక ఒత్తిడిని తగ్గించే వాల్వును అలాగే తెచ్చి బిగిస్తే, దాని లెక్క పాత బరువుదే. ముందు ప్యాడ్లకు నూనె గానీ కొత్త డిస్క్ మీది రక్షణ పూత గానీ అంటలేదని నిర్ధారించుకున్నాక, వెనుక లైనులో సర్దుబాటు వాల్వు పెట్టాలి, లేదా రెండు మాస్టర్ సిలిండర్ల పెడల్ అయితే బ్యాలెన్స్ బార్‌ను (తొక్కుడు బలాన్ని రెండు సిలిండర్లకూ పంచే కడ్డీని) ముందు వైపుకు మార్చాలి. ఖాళీగా ఉన్న ప్రైవేటు స్థలంలో, తక్కువ వేగంతో మొదలుపెట్టి, పొడి నేల మీదా తడి నేల మీదా ముందు చక్రాలే మొదట లాక్ అవుతున్నాయని చూశాక, బార్ లాక్ నట్లను బిగించి వాటి మీద పెయింటుతో గీత పెట్టాలి.